నరం కట్టేస్తే పోతుందా? ఏవీఎంపై అపోహలు - వాస్తవాలు

"ఆ ఉబ్బిన నరం కట్టేసి గడ్డ తీసేయండి సార్, పీడ వదిలిపోతుంది." విశాఖలో మా ఓపీకి పుట్టుకతోనే ఏవీఎం (ఆర్టీరియోవీనస్ మాల్‌ఫార్మేషన్, అంటే ధమనులూ సిరలూ తప్పుగా ముడిపడిన లోపం) ఉన్న పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు తరచూ అడిగేది ఇదే. ఈ జబ్బులో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం కూడా ఇదే.

మామూలుగా ధమనిలోని రక్తం సన్నటి కేశనాళికల గుండా నెమ్మదించి సిరలోకి చేరుతుంది. ఏవీఎంలో ఆ కేశనాళికలు ఉండవు. ధమనులూ సిరలూ చిక్కుపడిన చోట, అంటే నైడస్‌లో, రక్తం జోరుగా నేరుగా సిరలోకి దూకుతుంది. జబ్బు ఉన్నది ఆ నైడస్‌లోనే. రక్తం తెచ్చే ధమనిని పైన కట్టేస్తే నైడస్ ఎండిపోదు. చుట్టుపక్కల ధమనుల నుంచి రక్తం లాక్కుంటుంది. గడ్డ మళ్ళీ లేస్తుంది, చాలాసార్లు ముందుకన్నా పెద్దదిగా. పైగా చికిత్సకు మేము కేథటర్ (సన్నటి గొట్టం) పంపాల్సిన దారి మూసుకుపోయి ఉంటుంది.

నర్సీపట్నం వైపు నుంచి పదో తరగతి అమ్మాయి వచ్చింది. చిన్నప్పుడు పిక్క మీద గులాబీ రంగు మచ్చ, పట్టుకుంటే కాస్త వెచ్చగా ఉండేదట. పెద్దమనిషి అయ్యాక ఉబ్బింది. ఎక్కడో ధమని కట్టేశారు. నా దగ్గరికి వచ్చేసరికి చీలమండ పైన చర్మం నల్లబడి, రూపాయి బిళ్ళంత పుండు పడింది. వేళ్ళు ఆనిస్తే లోపల సన్నటి అదురు, స్టెత్ పెడితే హోరు. ఆ పుండు మందు రాస్తే మానేది కాదు. రక్తమంతా అడ్డదారిన పోతుంటే చర్మానికి అందేది తక్కువ, సిరల్లో ఒత్తిడి మాత్రం ఎక్కువ. వాళ్ళమ్మ నన్ను బయటికి పిలిచి, "గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకున్నాను సార్, నావల్లేనా?" అంది. లేదమ్మా, నీవల్ల కాదు. బిడ్డ కడుపులో ఉండగా రక్తనాళాలు ఏర్పడేటప్పుడు జరిగే లోపం ఇది. చాలా వాటి వెనక జన్యుమార్పు ఉంటుంది. గ్రహణానికీ కత్తిపీటకీ ఇందులో ఏ సంబంధమూ లేదు. ఈ పుకారు తల్లుల్ని ఏళ్ళ తరబడి కాల్చుకుతింటోంది. దయచేసి ఇక ఆపండి.

ఆ అమ్మాయికి ఎంబొలైజేషన్ చేశాం: గజ్జల్లోంచి కేథటర్ పంపి నైడస్‌నే మూసే మందు ఎక్కించడం. ఒక్కసారితో అయ్యేది కాదు, విడతలుగా చేయాలి. నైడస్ చిన్నగా, ఒకేచోట ఉంటే ఎంబొలైజేషన్ తర్వాత ఆపరేషన్‌తో మొత్తం తీసేయొచ్చు. విస్తరించిన వాటిని అదుపులో ఉంచడమే లక్ష్యం. పూర్తిగా మాయం చేస్తామని ఎవరైనా మాటిస్తే నమ్మకండి.

మిగతావి గబగబా చెబుతాను. "కాలు వాచింది, బోదకాలే": మన ఉత్తరాంధ్రలో ఆ అనుమానం సహజమే, కానీ వేడిగా ఉండి అదిరే వాపు బోదకాలు కాదు. "పెరిగేకొద్దీ దానంతటదే పోతుంది": అలా తగ్గేది హెమాంజియోమా, అది పుట్టిన కొద్ది వారాల్లో కనిపించి, పెరిగి, తర్వాత కరుగుతుంది. ఏవీఎం కరగదు. యుక్తవయసులో, గర్భంతో ఉన్నప్పుడు, దెబ్బ తగిలినప్పుడు పెరగొచ్చు. "ఒక కాలు పొడవైతే దిష్టి": అటువైపు రక్తప్రవాహం ఎక్కువై ఎముక కూడా పెరుగుతుంది; కొలిపించి, అవసరమైతే చెప్పుకు ఎత్తు వేయించాలి, లేకపోతే నడుము వంకరపోతుంది. ఏవీఎం ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మాలిష్, వాతలు అసలే వద్దు.

పుండు నుంచి రక్తం చిమ్మితే కాఫీపొడి, పసుపు అద్దకండి. శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమి, కాలు పైకెత్తి, చేయి తీయకుండా ఆసుపత్రికి తీసుకురండి. కోత పెట్టే ముందు డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూసే స్కాన్), ఆపైన ఎంఆర్ఐ చేయించమని అడగండి. సూదితో ముక్క తీయించే ముందైతే తప్పనిసరిగా అడగండి. పాత ఆపరేషన్ కాగితాలూ స్కాన్ సీడీలూ పారేయకండి. ఏ ధమని కట్టారో తెలిస్తే ఏ దారిన వెళ్ళాలో మేము ముందే చూసుకోగలం.