అసీలా గోడల వెనుక ఉన్న వాదన

మొరాకోలో టాంజియర్‌కు దక్షిణంగా అట్లాంటిక్ తీరాన ఉన్న అసీలాలో, ఏటా సాంస్కృతిక ఉత్సవం దగ్గరపడగానే పాతబస్తీ గోడలకు కొత్తగా సున్నం వేస్తారు. నిరుటి కుడ్యచిత్రాలు ఆ తెలుపు కింద కలిసిపోయి, దేశదేశాల చిత్రకారులకు ఖాళీ గోడలు సిద్ధమవుతాయి. అరబ్ దేశాల్లో సామూహిక కళా కార్యక్రమాల మాట వచ్చినప్పుడు ఈ పట్టణాన్ని ఉదాహరణగా చూపడం పరిపాటి. అయితే దీన్ని పర్యాటకుల ముచ్చటగా మాత్రమే చూసేవారు, దీని మూలం ఉత్సవంలో కాక ఒక నిరసనలో ఉందన్న సంగతిని గమనించరు.

1956లో మొరాకో స్వతంత్రమైనా, అక్కడి కళాశాలల్లో బోధన చాలాకాలం యూరపు నమూనాలోనే సాగింది. 1962లో ఫరీద్ బెల్కాహియా కాసాబ్లాంకా లలితకళల పాఠశాలకు అధిపతి అయ్యాక ఈ పద్ధతి మారసాగింది. ఆయనతోపాటు బోధించిన మొహమ్మద్ మెలేహీ, మొహమ్మద్ షబ్బా తదితరులు తివాచీలను, నగలను, గ్రామీణ మసీదుల్లో రంగులద్దిన చెక్క పైకప్పులను విద్యార్థుల ముందుంచి, ఆధునిక చిత్రకళకు కావలసిన వ్యాకరణం ఇక్కడే ఉందని వాదించారు. వారు చూపిన ఆ సంపదలో పెద్ద భాగం అరబ్బులకన్నా ముందునుంచే అక్కడున్న అమాజిగ్ (బెర్బర్) తెగలది కనుక, దీన్ని కేవలం అరబ్ కళ అనడం సగం నిజమే అవుతుంది.

1969లో ప్రభుత్వం మర్రకేష్‌లో అధికారిక చిత్రప్రదర్శన నిర్వహించినప్పుడు, బెల్కాహియా, మెలేహీ, షబ్బాలతో సహా ఆరుగురు ఉపాధ్యాయులు దానికి ప్రతిగా తమ చిత్రాలను జమా అల్-ఫనా మైదానంలో ఆరుబయట వేలాడదీశారు. కథకులు, పాములవాళ్లు, గాయకులు పొద్దస్తమానం జనాన్ని పోగుచేసే ఆ మైదానంలో, గ్యాలరీ గడప ఎన్నడూ తొక్కని వారు ఎండలో నిలబడి ఆ చిత్రాలను చూశారు. అదే ఏడాది కాసాబ్లాంకాలోనూ వారు ఈ ప్రయత్నాన్ని కొనసాగించారు. ఈ చిత్రకారులకు వేదికగా నిలిచిన ‘సుఫ్ల్’ పత్రికను 1972లో ప్రభుత్వం మూయించింది. సంపాదకుడు, కవి అబ్దెల్లతీఫ్ లాబీ ఎనిమిదేళ్లు జైల్లో గడిపాడు. కళను వీధికి తేవడం ఆనాడు నిరపాయమైన పని కాదు.

ఇంతటి అనుమానానికి గురైన ఆలోచన పదేళ్లు తిరగకుండానే పురపాలక కార్యక్రమంగా మారడం ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన మలుపు. అసీలాలోనే పుట్టిన మెలేహీ, అతని మిత్రుడు మొహమ్మద్ బెనైసా 1978లో అక్కడ తొలి ఉత్సవం జరిపారు. చిత్రకారులు వీధిగోడల మీద బొమ్మలు వేస్తుంటే ఆ ఇళ్లవాళ్లు, పిల్లలు చుట్టూ చేరారు. లోహపు రేకులపై గీసి అచ్చుతీసే వర్క్‌షాపును నెలకొల్పడంలో అమెరికన్ కళాకారుడు రాబర్ట్ బ్లాక్‌బర్న్ సాయపడగా, సూడాన్‌కు చెందిన మొహమ్మద్ ఒమర్ ఖలీల్ తర్వాత ఎన్నో ఏళ్లు దాన్ని నడిపించాడు. శిథిలమవుతున్న పాతబస్తీని బాగుచేసే పని కూడా బొమ్మలతోపాటే సాగింది కనుక, స్థానికులు ఈ ఉత్సవాన్ని బయటివారి సరదాగా కొట్టిపారేయలేదని నా అభిప్రాయం. 1983లో బెనైసా నగరాధ్యక్షుడయ్యాడు. తర్వాత సాంస్కృతిక మంత్రిగా, విదేశాంగ మంత్రిగా కూడా పనిచేశాడు. పట్టణ పునరుద్ధరణకు 1989లో ఆగాఖాన్ వాస్తుకళా పురస్కారం లభించింది.

నిరసనను ప్రభుత్వం మచ్చిక చేసుకున్నదా, లేక నిరసనకారులే ప్రభుత్వ వనరులను తమ పనికి వాడుకున్నారా అన్నది తేలని ప్రశ్న. 1981లో బెర్రెషీద్ మానసిక వైద్యశాలలో ఈ తరం చిత్రకారులు రోగులతో కలిసి గోడలకు రంగులు వేసిన ప్రయోగాన్ని చూస్తే, ఉత్సవాల పరిధి దాటిన ఆశయం వారిలో ఇంకా మిగిలే ఉందని ఒప్పుకోవాలి. మరోవైపు అసీలాకు వచ్చిన పేరు పాతబస్తీ ఇళ్లకు బయటి కొనుగోలుదారులను తెచ్చింది. వారిలో చాలామంది సెలవులకే వస్తారు. మెలేహీ 2020లో, బెనైసా 2025లో మరణించారు. ఇద్దరు మిత్రుల పట్టుదల మీద ఇన్నేళ్లు నిలిచిన ఈ ఏర్పాటును ఎవరు నడపాలి, బొమ్మ వేసే గోడ వెనుక ఎవరు కాపురముంటారు అన్న రెండు విషయాల మీదే ఇకపై వాదన సాగవలసి ఉంది.