ఫ్రీగా దొరికే పాఠాలు నాసిరకం కాదు

జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచీ నన్ను అడిగేది ఒకే ప్రశ్న. "టీచర్ గారూ, మా వాడికి ఏ యాప్ కొనమంటారు?" నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఏదీ కొనొద్దు అంటే చాలామంది నమ్మరు. డబ్బు కట్టకుండా వచ్చేది నాసిరకమే అనే మాట అంతగా పాతుకుపోయింది.

ఆ మధ్య మా బడిలో ఎనిమిదో తరగతి చదివే పాప వాళ్ల నాన్న వచ్చారు. తాపీ మేస్త్రీ. పాఠాల యాప్ అమ్మే ఓ కంపెనీ మనిషి ఇంటికొచ్చి, పాపను నాలుగు ప్రశ్నలు అడిగి, "బేసిక్స్ లేవు, ఇప్పుడు మేలుకోకపోతే పదో తరగతిలో కష్టం" అన్నాడట. ఆ రాత్రే సంతకం పెట్టించుకున్నాడు. ఈయన ఫీజు అనుకుని కట్టింది తన పేరు మీద తీసుకున్న లోన్ వాయిదా. మూడో నెలలో పనులు లేక ఖాతా ఖాళీ అయి, పెనాల్టీ పడినప్పుడు గానీ ఆ సంగతి తెలియలేదు. "పిల్ల చదువమ్మా, వద్దని ఎట్లా అంటాను?" అన్నారు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

పాప సంచిలోంచి సైన్స్ పుస్తకం తీయించాను. పాఠం దగ్గరున్న క్యూఆర్ కోడ్‌ను ఆయన ఫోన్‌తోనే, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే దీక్ష యాప్‌లో స్కాన్ చేశాను. వీడియో మొదలైంది. "ఇది పుస్తకంతోనే వచ్చిందా అమ్మా?" అని అడిగారు. అవును, పుస్తకంతోనే. దీక్ష 2017 నుంచి ఉంది. అందులోని పాఠాలు మన పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంస్థలే, అంటే కేంద్రంలో ఎన్‌సీఈఆర్టీ, రాష్ట్రాల్లో ఎస్‌సీఈఆర్టీలు పెట్టినవి. మన సిలబస్‌కు ఇంతకంటే దగ్గరగా ఇంకేం కావాలి?

నాసిరకం అనేవాళ్లకు ఇంకో సంగతి. ఫెట్ సిమ్యులేషన్లు, అంటే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెర మీదే చేసే సైన్స్ ప్రయోగాలు, మొదలుపెట్టింది భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్. 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించారు. పైసా తీసుకోరు. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. మా ల్యాబ్‌లో కరెంటు కొలిచే అమ్మీటర్లు రెండే, పిల్లలు నలభై మంది. అందుకే సమాంతర సంధానం, అంటే బల్బులను వేర్వేరు దారుల్లో బ్యాటరీకి కలపడం, ముందు ఇందులోనే చేయిస్తాను. ఒక బల్బు తీసేస్తే రెండోది ఎందుకు ఆరలేదో పిల్లలే వాదించుకుంటారు. ఒకడు బ్యాటరీ రెండు కొసలకూ నేరుగా తీగ కలిపాడు, తెర మీద మంటలు! షార్ట్ సర్క్యూట్ గురించి నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ తర్వాతే నిజం బల్బులు చేతికిచ్చాను.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. ఎప్పుడూ నెట్ ఉండాలా? అక్కర్లేదు. దీక్షలో పాఠాలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నాన్న ఫోన్ సాయంత్రం అరగంట దొరికినా చాలు. తెలుగు మీడియం వాళ్లకు ఏమీ లేవా? స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథల పుస్తకాలు ఉచితంగా చదవొచ్చు, చిన్న తరగతులకు చాలా బాగుంటాయి. వీడియో చూస్తే పాఠం వచ్చేసినట్టేనా? రాదు. చూశాక పుస్తకం మూసి, నాలుగు వాక్యాలు సొంతంగా రాయించండి.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. "ఫ్రీ ట్రయల్" అంటూ కార్డు నంబరు అడిగేది ఫ్రీ కాదు. 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖే తల్లిదండ్రులను హెచ్చరించింది, ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే ఆటోమేటిక్ డెబిట్‌కు ఒప్పుకోవద్దని. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు టెన్షన్ పడుతూ కూర్చోకండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఇంకా సంతకం పెట్టనివాళ్లు ఆ కాగితం మీ బడి టీచర్‌కు చూపించండి. లోన్ ఎవరి పేరు మీద, ఎన్ని నెలలు, వద్దనుకుంటే ఎన్ని రోజుల్లో చెప్పాలి, ఈ మూడూ చదివించుకోండి. మా ఊరి వాళ్లయితే నేరుగా స్టాఫ్ రూమ్‌కు వచ్చేయండి, సాయంత్రం ఐదు దాకా అక్కడే ఉంటాను.