రెండో డేటా సెంటర్ పెట్టేముందు: అపోహలు - వాస్తవాలు

పలాస జీడిపప్పు అమ్మే సైటైనా, విజయనగరం నుంచి నడిచే ఉద్యోగ నోటిఫికేషన్ల సైటైనా, జనం పెరగ్గానే వినిపించే మాట ఒకటే: "ఇంకో ఊళ్లో కూడా సర్వర్లు పెట్టేద్దాం." పెట్టాల్సిందే. సర్వర్లు అద్దెకు తీసుకోవడం పూట పని. రెండు చోట్లా డేటాను సరిగ్గా ఉంచడానికి మాత్రం నెలలు పడుతుంది.

అపోహ: విశాఖలో పెద్ద డేటా సెంటర్ వస్తే మన సైటు పరుగులు పెడుతుంది.

ఫైబర్‌లో కాంతి వెయ్యి కిలోమీటర్లు పోవడానికి సుమారు 5 మిల్లీసెకన్లు పడుతుంది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ నేరుగా 600 కి.మీ. లోపే కాబట్టి, పోయి రావడానికి లెక్క ప్రకారం 6 మిల్లీసెకన్లు. ఫోన్ నుంచి టవర్ దాకా పోయే సిగ్నలే అంతకు ఎన్నో రెట్లు తింటుంది. పైగా నెట్‌వర్క్ కంపెనీలు ఒకదానితో ఒకటి కలిసే చోటు చెన్నైలోనో ముంబైలోనో ఉంటే, విశాఖ సర్వర్‌కు వెళ్లే డేటా కూడా అక్కడిదాకా తిరిగి రావాల్సిందే. ముందు ఫొటోల బరువు తగ్గించి, వాటిని సీడీఎన్ (చాలా ఊళ్లలో కాపీలు ఉంచి, చూసేవాళ్లకు దగ్గర్నుంచి పంపే సర్వర్ల వల) మీద పెట్టండి. తేడా మొదట అక్కడే తెలుస్తుంది.

అపోహ: ఆఫీసులో సర్వర్, ఇన్వర్టర్, రెండు నెట్ కనెక్షన్లు ఉంటే చాలు.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ. కరెంటు రోజుల తరబడి రాలేదు. ఇన్వర్టర్ గంటల లెక్క, తుపాను రోజుల లెక్క. రెండు కనెక్షన్లూ ఒకే స్తంభాల వరస మీదుగా వస్తే అవి కూలినప్పుడు రెండూ కలిసే పోతాయి.

అపోహ: ఒక సెంటర్ పడిపోతే రెండోది దానంతటదే చూసుకుంటుంది.

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. రెండు సెంటర్లూ రద్దీ వేళ 70 శాతం లోడుతో నడుస్తుంటే, ఒకటి పోయిన క్షణాన రెండోదాని మీద 140 శాతం పడుతుంది. అదీ కూలుతుంది. ఒక్కోదాన్ని 40 శాతం దాటనివ్వకండి. మూడు సెంటర్లుంటే 55 దాకా పోవచ్చు. సీపీయూ ఒక్కటే చూస్తే సరిపోదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఒకేసారి ఉండగల కనెక్షన్ల పరిమితి మార్చకుండా వదిలేస్తే 151. రెండు ఊళ్ల అప్లికేషన్లూ ఒకే డేటాబేస్ మీద పడితే ఆ సంఖ్య నిమిషంలో నిండిపోతుంది. రెండో సెంటర్ ఊరికే ఉండి ఉంటే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న క్యాష్ (తరచూ అడిగేవాటిని దగ్గర దాచుకునే చోటు) వల్ల ప్రతి పేజీ డేటాబేస్‌నే అడుగుతుంది. అందుకే రెండో సెంటర్‌కు రోజూ 10 శాతం ట్రాఫిక్ అయినా పంపుతూ ఉండాలి.

రెండు సెంటర్ల మధ్య లైను తెగితే ఇంకా ప్రమాదం. ఇద్దరూ బతికే ఉంటారు, ఎదుటివాడు పోయాడనుకుని ఇద్దరూ ఆర్డర్లు రాసుకుంటారు. తర్వాత ఆ రెండు లెక్కలనూ కలపడం నరకం. మూడో చోట ఒక చిన్న సాక్షి సర్వర్ ఉంచండి. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే మాస్టర్ (రాతలు తీసుకునే ప్రధాన డేటాబేస్) మారాలి. దానికి పెద్ద మెషీన్ అక్కర్లేదు, మిగతా రెండు సెంటర్లలో మాత్రం ఉండకూడదు.

డీఎన్‌ఎస్ (సైటు పేరుకు సర్వర్ చిరునామా చెప్పే వ్యవస్థ) సంగతీ చూసుకోండి. టీటీఎల్ (ఆ చిరునామాను గుర్తుంచుకునే గడువు) 86400 సెకన్లు ఉంటే పాత చిరునామా ఒక రోజంతా తిరుగుతూనే ఉంటుంది. ముందుగానే 300కు తగ్గించి ఉంచాలి. ప్రమాదం జరిగాక తగ్గిస్తే ఉపయోగం లేదు.

అపోహ: అప్లికేషన్ రెండు ఊళ్లలో, డేటాబేస్ ఒక ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు.

ఒక పేజీ డేటాబేస్‌ను వరసగా 40 క్వెరీలు (ప్రశ్నలు) అడుగుతుందనుకోండి. ఒకే భవనంలో ఒక్కోదానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. హైదరాబాద్, ముంబై మధ్య 15 పట్టిందంటే 40 క్వెరీలకు 600. చదివే పనులకు ప్రతి ఊళ్లోనూ రెప్లికా (డేటాబేస్‌కు ఎప్పటికప్పుడు మారే నకలు) ఉండాలి. డబ్బుకు సంబంధించిన రాతలను ఒకే రీజియన్ (ప్రాంతం)లోని వేర్వేరు జోన్ల (విడివిడి సెంటర్ల) మధ్య సింక్రనస్‌గా (రెండు చోట్లా రాశాకే పని పూర్తయినట్టు), దూరపు ఊరికి అసింక్రనస్‌గా (ఇక్కడ రాసేసి, అక్కడికి వెనకాల) పంపండి. దూరపు కాపీ కొన్ని సెకన్లు వెనకబడుతుంది. ఆ కొన్ని సెకన్ల ఆర్డర్లు పోతే ఏం చేయాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

అపోహ: రెప్లికా ఉంటే బ్యాకప్ ఎందుకు?

పొరపాటున టేబుల్ చెరిపితే రెప్లికాలోనూ క్షణాల్లో చెరిగిపోతుంది. బ్యాకప్ వేరే ఖాతాలో, వేరే పాస్‌వర్డ్‌తో ఉండాలి. 2 టీబీ డేటాను 1 జీబీపీఎస్ లైను మీద వెనక్కి తేవాలంటే, లైను పూర్తి వేగంతో నడిచినా దాదాపు నాలుగున్నర గంటలు. మూడు నెలలకోసారి నిజంగా వెనక్కి తెచ్చి, గడియారం పెట్టి చూడండి. తుపాన్లు మొదలయ్యే అక్టోబర్‌కు ముందు ఒకసారి తప్పనిసరి.