ఆఫ్టర్‌షేవ్ మంట, ఎలర్జీ: అపోహలు - వాస్తవాలు

గడ్డం గీసుకుని ఆఫ్టర్‌షేవ్ రాయగానే ముఖం చుర్రుమంటుంది. కొందరు దాన్ని ఎలర్జీ అంటారు, కొందరు మందు పనిచేస్తోందని మురిసిపోతారు. చర్మవ్యాధుల క్లినిక్‌లో ఈ సీసాల గురించి తరచూ వినబడే మాటలివి.

అపోహ: మండితేనే క్రిములు చచ్చినట్టు.

వాస్తవం: మంట క్రిములది కాదు, నరాలది. వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటి నరాల చివర్లలో ఉంటుంది. మామూలుగా అది 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర మేలుకుంటుంది. ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీల దగ్గరే లేచి కూర్చుంటుంది. అంటే మన ఒంటి వేడికే నరం ‘కాలుతోంది’ అని కబురు పంపుతుంది. బ్లేడు పైపొరను గీకేసిన చోట ఆల్కహాల్ ఇంకా తేలిగ్గా లోపలికి దిగుతుంది కాబట్టి అక్కడ మంట ఎక్కువ. మెంథాల్ అయితే చల్లదనాన్ని పసిగట్టే గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. చర్మం నిజంగా చల్లబడిందేమీ ఉండదు. మంటను కప్పిపుచ్చుతుందంతే, కింద చర్మం పొడిబారుతూనే ఉంటుంది.

అపోహ: ఎర్రబడిందంటే ఎలర్జీయే.

వాస్తవం: ముందు గడియారం చూడండి. రాసిన క్షణాల్లో మొదలై కాసేపట్లో సర్దుకునే మంట ఇరిటేషన్. అది ఎవరికైనా రావచ్చు. ఎంత రాశారు, చర్మం ఎంత గీసుకుపోయింది అన్నదాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది.

అసలైన ఎలర్జీ తీరు వేరు. మొదటిసారి రాసినప్పుడు ఏమీ కాదు. రోగనిరోధక వ్యవస్థ ఆ పదార్థాన్ని గుర్తుపెట్టుకోవడానికి కనీసం 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. ఆ తర్వాత రాసిన ప్రతిసారీ 24 నుంచి 72 గంటల్లో దురద, ఎరుపు, చిన్న నీటిపొక్కులు వస్తాయి. తర్వాత పొట్టు లేస్తుంది. సోమవారం రాసినదానికి బుధవారం దురద పెడితే, జనం బుధవారం తిన్న కూర మీద నేరం మోపుతారు. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు.

మూడో రకం నిమిషాల్లో వచ్చే దద్దుర్లు. పరిమళాల్లో కలిపే సిన్నమాల్ (దాల్చినచెక్క వాసననిచ్చేది), పెరూ బాల్సమ్ (ఒక చెట్టు బంక) లాంటివి దీన్ని తేగలవు. సాధారణంగా రోజు తిరక్కుండానే మాయమవుతాయి. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వెంట్రుక కుదుళ్ల దగ్గర చీముపొక్కులు, లోపలికి తిరిగి పెరిగిన వెంట్రుకలు ఈ మూడింటిలో ఏదీ కాదు. వాటికి సీసా మార్చడం కంటే గీసే పద్ధతి మార్చడం మేలు.

అపోహ: ఆల్కహాల్ లేని ఆఫ్టర్‌షేవ్‌తో ఎలర్జీ రాదు.

వాస్తవం: ఆల్కహాల్ మంట పుట్టిస్తుంది, కానీ దానికి ఎలర్జీ చాలా అరుదు. ఎక్కువసార్లు దొరికే దొంగ పరిమళమే: సిన్నమాల్, ఐసోయూజినాల్, జెరానియాల్, హైడ్రాక్సీసిట్రోనెల్లాల్, ఓక్‌మాస్ అనే లైకెన్ సారం. ఓక్‌మాస్‌లోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్ ఎంత బలమైన ఎలర్జీ కారకాలంటే, అవి ఉన్న ఉత్పత్తుల అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ 2021 ఆగస్టు నుంచి పూర్తిగా ఆపేసింది.

ఆల్కహాల్ తీసేసి నీళ్లతో చేసిన బామ్‌లకు ప్రిజర్వేటివ్ (పాడవకుండా ఉంచేది) తప్పనిసరి. అది మిథైల్‌ఐసోథయాజోలినోన్ అయితే ఒక ముప్పు పోయి మరొకటి వచ్చినట్టే. రాసి కడగకుండా వదిలేసే ఉత్పత్తుల్లో దాన్ని యూరప్ 2017లోనే నిషేధించింది.

పాత సీసాల సంగతి వేరే చెప్పాలి. లిమోనీన్, లినలూల్ అనే పరిమళ పదార్థాలు తాజాగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయవు. గాలి తగిలి ఆక్సీకరణ చెందితే హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి. అవే ఎలర్జీ తెచ్చేవి. కాబట్టి సగం ఖాళీ అయి, మూత వదులుగా ఉండి, ఏళ్ల తరబడి బాత్రూమ్ అరలో పడి ఉన్న సీసాను పారేయండి. ‘పదేళ్లుగా ఇదే వాడుతున్నా, దీనివల్ల కాదు’ అనే మాట నిలవకపోవడానికి ఇదొక కారణం. తయారీదారులు చెప్పకుండా ఫార్ములా మార్చడం ఇంకో కారణం.

అపోహ: సహజ నూనెలైతే భయం లేదు.

వాస్తవం: పైన చెప్పిన లిమోనీన్, జెరానియాల్ మొక్కల నూనెల్లో ఉండేవే. బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనెలోని బెర్గాప్టెన్ మీద ఎండ పడితే మెడ మీద కారిన దారినే గోధుమరంగు చార పడుతుంది, నెలల తరబడి పోదు. ‘అన్‌సెంటెడ్’ అన్నా నమ్మకండి, వాసనను అణచడానికీ పరిమళమే కలుపుతారు. వెతకాల్సిన మాట ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’. అప్పటికీ వెనక లేబుల్ చదవాల్సిందే.

అపోహ: చెవి వెనక ఒకసారి రాసి చూస్తే తేలిపోతుంది.

వాస్తవం: తేలదు. మోచేయి మడతకు దగ్గర్లో, ముంజేతి లోపలివైపు 5 సెంటీమీటర్ల చదరంలో రోజుకు 2 సార్లు, కనీసం 7 రోజులు రాయండి. 14 రోజులైతే ఇంకా నయం. దురద, ఎరుపు కనబడితే అక్కడితో ఆపేయండి. పైన ప్లాస్టర్ వేయొద్దు. ఆల్కహాల్ ఆవిరి కాక చర్మాన్ని కాలుస్తుంది, దాన్ని చూసి ఎలర్జీ అనుకుంటారు.

ఏ పదార్థమో తేల్చేది క్లినిక్‌లో చేసే ప్యాచ్ టెస్ట్. అనుమానమున్న పదార్థాలను వీపు మీద అంటించి 48 గంటలకు తీసి చూస్తారు, 96 గంటలకు మళ్లీ చూస్తారు. రెండోసారి వెళ్లడం మానేస్తే ఆలస్యంగా తేలేవి చేజారిపోతాయి. ముఖం మీది ఎరుపు, దురద తగ్గాకే ఈ పరీక్షకు వెళ్లాలి. అంతకుముందు వారం రోజులు వీపుకి స్టెరాయిడ్ క్రీమ్ తగలకూడదు. వాడే సీసాలన్నీ, అట్టపెట్టెలతో సహా, వెంట తీసుకెళ్లండి.

అపోహ: స్టెరాయిడ్ క్రీమ్ పూసుకుంటూ వాడుకోవచ్చు.

వాస్తవం: ముఖం మీద బలమైన స్టెరాయిడ్ వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, నోటి చుట్టూ కురుపులు లేస్తాయి. ముందు ఆఫ్టర్‌షేవ్ ఆపండి. చల్లటి తడిగుడ్డ 10 నిమిషాలు అద్దండి, తర్వాత పలుచగా పెట్రోలియం జెల్లీ రాయండి. వీలైతే మానేదాకా గడ్డం గీయకండి. 3, 4 వారాలు ఆపినా తగ్గకపోతే అదే పరిమళం షేవింగ్ ఫోమ్‌లోనో, సబ్బులోనో, డియోడరెంట్‌లోనో ఉందేమో చూడండి. ఒకే దిండు పంచుకునే మనిషి రాసుకునే పర్‌ఫ్యూమ్ లేబుల్ కూడా చదవండి.