ఉక్కు హక్కు, భూమి గోడు: పిల్లలకు ఉత్తరం

గాజువాక,
విశాఖపట్నం.

పిల్లలూ,

స్టీల్‌ప్లాంటు కోసం కొట్లాడినవాళ్లది న్యాయమా, దానికి భూములు పోగొట్టుకున్నవాళ్లది న్యాయమా, ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నారు. ప్రశ్న మంచిదే. ‘ఏదో ఒకటి’ అన్న షరతు దగ్గరే నాకు పేచీ. అందుకే గతితర్కం గురించి, అంటే ఎదురెదురు శక్తుల పెనుగులాటలోంచే మార్పు పుడుతుందని చూసే ఆలోచనా పద్ధతి గురించి, నాలుగు ముక్కలు రాస్తున్నాను. పేరు చూసి బెదిరిపోకండి.

1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ రాష్ట్రమంతా కదిలింది. ఆ పోరాటంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మరి ఫ్యాక్టరీ కట్టడానికి నేల కావాలి కదా! కూర్మన్నపాలెం చుట్టుపక్కల ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి. పొలమూ ఇల్లూ ఇచ్చినవాళ్ల చేతికి ఆర్ కార్డు, అంటే నిర్వాసితుల పునరావాస కార్డు, వచ్చింది. ఉద్యోగం వస్తుందన్న ఆశంతా ఆ కార్డు మీదే. దాన్ని బీరువాలో భద్రంగా దాచుకుని, తండ్రి తర్వాత కొడుకు ఆఫీసుల చుట్టూ తిరిగిన ఇళ్లు మన పక్కనే ఉన్నాయి.

ఒకరి హక్కూ ఇంకొకరి నష్టమూ ఒకే పని కడుపున పుట్టాయి. జర్మన్ తత్వవేత్త హెగెల్ (1770–1831) పట్టుకున్న విషయం ఇదే: వైరుధ్యం బయటినుంచి వచ్చి పడదు, లోపలే ఉంటుంది, కదలిక తెచ్చేదీ అదే. ఆయన ఎక్కువగా భావాల్లో చూసినదాన్ని మార్క్స్ కూలీలో, పెట్టుబడిలో, భూమిలో చూశాడు.

మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ విడమరిచిన సూత్రం ఇంకొకటుంది. పరిమాణంలో మార్పు ఒక హద్దు దాటితే గుణమే మారిపోతుంది. మన బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ అని పేర్లు కదా, వాటినుంచి దిగే ఇనుములో కార్బన్ సుమారు 4 శాతం. గడ్డకట్టాక సమ్మెటతో కొడితే పెళుక్కున విరుగుతుంది. కన్వర్టర్ అనే కొలిమిలో ఆక్సిజన్ ఊది ఆ కార్బన్‌ను ఒక శాతం లోపుకు దించితే, వంచితే వంగే ఉక్కు అవుతుంది. తీసేసింది మూడు నాలుగు శాతమే!

రాజకీయాల్లోనూ ఇలాగే జరుగుతుంది. మన ప్లాంటుకు సొంత ఇనుప గనులు లేక ఖనిజాన్ని బయట ధరకు కొనడం, అప్పులు, వడ్డీలు ఏళ్ల తరబడి పేరుకున్నాయి. 2021 జనవరిలో నూరు శాతం వాటాల అమ్మకానికి కేంద్రం ఆమోదం తెలిపినప్పుడు అందరూ ఉలిక్కిపడ్డారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. సంతోషమే. గనుల సంగతి తేలనిదే ఆ ఊరట ఎన్నాళ్లో నిలవదని నా అభిప్రాయం.

ఇటు సగం, అటు సగం ఒప్పుకుని నడిమధ్యన కూర్చోవడమే గతితర్కం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అంతకన్నా ప్రమాదకరమైన వాడకం ఒకటుంది. సోవియట్ యూనియన్‌లో స్టాలిన్ కాలంలో చరిత్ర పురోగమనం పేరు చెప్పి రైతుల నోటి దగ్గర గింజలు లాక్కున్నారు. 1932–33 కరువులో లక్షలాది మంది చనిపోయారు. ఒక నష్టం ఎందుకు జరిగిందో వివరించగలిగినంత మాత్రాన నష్టపోయినవాడి బాకీ తీరిపోదు. ఇక్కడ నీతి తప్పితే ఎంత గొప్ప తర్కమైనా నాకు అక్కర్లేదు.

ఇక మీ ప్రశ్నకు నా జవాబు. ప్లాంటు ప్రజల ఆస్తిగానే నిలవాలి. అలా నిలవాలని జెండా పట్టినవాళ్లే ఆర్ కార్డువాళ్ల బాకీని తమ మొదటి డిమాండుగా రాసుకోవాలి, చివరి పేరాలో కాదు. మీకు వేరేలా తోస్తే రాయండి, వాదించుకుందాం.

ప్రేమతో,
మీ తాతయ్య