మీ తిండికి పదికి ఎన్ని మార్కులు? కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో డైటీషియన్‌గా నా దగ్గరికి వచ్చేవాళ్ళను బరువు చూడకముందే ఒక మాట అడుగుతాను: "మీ తిండికి మీరే పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారు?" తర్వాత నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా తిన్నదంతా చెప్పించి రాసుకుంటాను. వేసుకున్న మార్కులకూ ఆ కాగితానికీ చాలాసార్లు పొంతన ఉండదు.

అపోహ: బయట తినం, నీచు ముట్టం, కాబట్టి మా తిండి మంచిదే.

కోవూరు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్ గారు ఎనిమిది వేసుకున్నారు. కాగితం చూస్తే పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం పప్పుతో, పచ్చడితో, పెరుగుతో మూడుసార్లు అన్నం, రాత్రి ఉప్మా. "మరి కూర ఏది సార్?" అంటే, "దొండకాయ వేపుడు తిన్నాను కదమ్మా" అన్నారు. ఎంత తిన్నారో చేత్తో చూపించమన్నాను. గుప్పెడు కూడా లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలి. బియ్యం, రవ్వ, పిండి అన్నీ కలిపినా 250 గ్రాములే. సార్ పళ్ళెంలో ఈ లెక్క తిరగబడింది. తప్పు ఆయనదని నేననను. పెన్న నీళ్ళతో వరి పండే ఊళ్ళలో అన్నమే భోజనం, కూర నంచుకోవడానికి.

ఇంటి వంటే అయినా నూనె నూనే. మనిషికి రోజుకు 27 గ్రాముల లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు చాలు. ఆవకాయలో పోసిందీ, పండక్కి అరిసెలు వేయించిందీ అందులోకే వస్తాయి. ఈ నెల మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు కత్తిరించారో లెక్క చూసుకోండి.

అపోహ: మాది లేనోళ్ళ తిండి, అందులో బలం ఏముంటుంది?

ఈ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. మైపాడు వైపు నుంచి వచ్చే, చేపలమ్మే ఒకామె మూడు మార్కులే వేసుకుంది. "మాదేం తిండిలే మేడమ్, ఇంత రాగి సంగటి, నాలుగు నెత్తళ్ళు, ఏదో ఒక ఆకు. నా పిల్లకాయలైతే సంగటంటేనే నామోషీ పడతారు." వంజరం లాంటి పెద్ద చేప కొనుక్కుని తినేవాళ్ళదే మంచి తిండని ఆమె నమ్మకం.

నెత్తళ్ళు చిన్న చేపలు, ముల్లుతో సహా నమిలి తింటాం. అందుకే వంజరం ముక్కలో కంటే వాటిలోనే కాల్షియం ఎక్కువ అందుతుంది. రాగుల్లో కాల్షియం బియ్యంలో కంటే ఎన్నో రెట్లు. దానికి తోడు రోజూ ఆకుకూర. "అక్కా, నేనైతే ఏడు వేస్తాను" అంటే నమ్మలేదు, రెండుసార్లు అడిగింది. నేను మార్చమన్నది ఉప్పు ఒక్కటే, ఎందుకంటే ఆమెకు బీపీ ఉంది. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి. ఎండు నెత్తళ్ళైతే వేడినీళ్ళలో నానబెట్టి, రెండుసార్లు కడిగి వండమన్నాను, కూరలో మళ్ళీ ఉప్పు వేయొద్దన్నాను.

అపోహ: కొర్రలు మొదలుపెట్టాం, ఇక సుగర్ టెన్షన్ లేదు.

కొర్రల్లో పీచు ఉంది, మంచివే. కానీ అవీ ధాన్యమే, ఆ 250 గ్రాముల్లోకే వస్తాయి. అన్నం తిన్నంత తిని, పైన నాలుగు గరిటెల నూనె పోస్తే సుగర్ తగ్గదు.

అపోహ: కడుపు నిండుతోంది, ఒంట్లో బాగానే ఉంది, ఇంకేం కావాలి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలోనూ మెట్లెక్కితే ఆయాసపడుతూనే "బాగానే తింటున్నాం మేడమ్" అనేవాళ్ళున్నారు. వాళ్ళకు ముందు హిమోగ్లోబిన్ పరీక్ష రాయించుకోమంటాను. అది వచ్చేలోపు, రక్తానికి కావలసిన ఇనుము తిండిలోంచి ఒంటికి బాగా పట్టడానికి రెండు పనులు చేయొచ్చు: ఆకుకూర పప్పు దించాక నిమ్మకాయ పిండుకోవాలి, అన్నం తిన్న చేత్తోనే కాఫీ గ్లాసు అందుకోకుండా గంటసేపైనా ఆగాలి.