లాయర్ లింకన్: అపోహలు - వాస్తవాలు

నేను సివిల్ లాయర్ని. అబ్రహాం లింకన్ గురించి జూనియర్లు చెప్పుకునే కథల్లో సగం నిజం కావు. నిజంగా జరిగినవి వాటికంటే ఆసక్తిగా ఉంటాయి.

అపోహ: పేదల కేసులే వాదించేవారు, ఫీజు అడిగేవారు కాదు.

వాస్తవం: 1836లో లైసెన్సు వచ్చింది. ఇల్లినాయిస్‌లో దాదాపు పాతికేళ్లు ప్రాక్టీసు చేశారు. అందులో సగానికి పైగా బాకీల కేసులే, అంటే మన ప్రోనోటు దావాల్లాంటివి. ఒక పన్ను కేసులో ఇల్లినాయిస్ సెంట్రల్ రైల్వేని గెలిపించారు. అడిగిన 5,000 డాలర్ల ఫీజు ఇవ్వకపోతే 1857లో ఆ కంపెనీ మీదే దావా వేసి గెలిచారు. తప్పేముంది? చేసిన పనికి ఫీజు అడగడం తక్కువతనం కాదు. హన్నా ఆర్మ్‌స్ట్రాంగ్ కొడుకు డఫ్ మీద హత్య కేసు పడితే మాత్రం పైసా తీసుకోలేదు. కష్టకాలంలో తనకు అన్నం పెట్టిన ఇల్లు అది.

అపోహ: ఆ కేసులో దొంగ పంచాంగం చూపించి గెలిచారు.

వాస్తవం: 1858 మే, బియర్డ్స్‌టౌన్ కోర్టు. రాత్రి పదకొండు ప్రాంతంలో నడినెత్తిన చంద్రుడున్నాడని, ఆ వెన్నెల్లో అంతా చూశానని చార్లెస్ అలెన్ సాక్ష్యం చెప్పాడు. లింకన్ తొందరపడలేదు. ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పించారు, వెనక్కి తగ్గే దారి లేకుండా. అప్పుడు పంచాంగం తీశారు. ఆ వేళకి చంద్రుడు అస్తమించబోతున్నాడు. డఫ్ నిర్దోషిగా బయటపడ్డాడు. తర్వాత ఖగోళ శాస్త్రజ్ఞులు లెక్కగట్టినా అదే తేలింది: ఆ రాత్రి పన్నెండు దాటిన కాసేపటికే చంద్రుడు అస్తమించాడు. క్రాస్ ఎగ్జామినేషన్ నేర్చుకునేవాళ్లకి నేను ముందు చెప్పే కేసు ఇదే.

అపోహ: బానిస యజమాని తరఫున ఎప్పుడూ నిలబడలేదు.

వాస్తవం: నిలబడ్డారు. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. అంతకు ముందు ఆయన వాదన మాత్రం వేరు. 1841లో నాన్స్ అనే నల్లజాతి అమ్మాయిని కొన్నందుకు రాసిన ప్రోనోటు మీద దావా నడిచింది. లింకన్ ప్రతివాది తరఫున, అంటే ఆ ప్రోనోటు రాసిచ్చిన వ్యక్తి తరఫున వాదించారు. ఇల్లినాయిస్‌లో ప్రతి మనిషీ స్వతంత్రుడేనని చట్టం భావిస్తుంది కాబట్టి ఆ అమ్మకమే చెల్లదని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. అదే లాయరు 1847లో, జేన్ బ్రయంట్‌నీ ఆమె పిల్లల్నీ తిరిగి బానిసత్వంలోకి పట్టుకుపోవాలని చూసిన కెంటకీ యజమాని రాబర్ట్ మాట్సన్ వైపు వాదించారు. ఆ కేసు లింకన్ ఓడిపోయారు. జేన్, ఆమె పిల్లలు స్వేచ్ఛగా వెళ్లిపోయారు.